‘లైట్ అప్’ – మూడు భాషల దీపము

ఇంగ్లీషు భాషలో మన విద్యార్థులను తికమక పెట్టేవి పెద్ద పదములు కావు, చిన్న పదములు. ‘ఫోటోసింథసిస్’ అను పదమును అక్షరము తప్పకుండా వ్రాయగల విద్యార్థి ‘లైట్ అప్’ అను రెండు ముక్కల వద్ద ఆగిపోతాడు. లైట్ అనగా వెలుగు, అప్ అనగా పైకి. ఈ రెండును వేరువేరుగా ప్రాథమిక పాఠశాలలోనే నేర్చుకొన్నవి. రెండింటిని కలిపినప్పుడు మాత్రము అర్థము చేతికి చిక్కదు. చిక్కకపోయినా అడుగుటకు సిగ్గు అడ్డు వచ్చును. ఇంత చిన్న మాట తెలియదా అని పక్కవారు నవ్వుతారేమో అను భయముతో విద్యార్థి మౌనము వహిస్తాడు. ఆ మౌనము మూడేండ్లు సాగి, పట్టా పుచ్చుకొన్న తరువాత ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూడ వెంట వచ్చును.

ఈ విషయమును ఒక వ్యాకరణ పాఠముగా గాక కళాశాల ఆలోచింపవలసిన విషయముగా ఈ సంచికలో ప్రస్తావిస్తున్నాము. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యా సంవత్సరము నుండి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చినారు. మన విద్యార్థులలో పెక్కుమంది ఇంట దక్కనీ ఉర్దూ మాట్లాడుదురు. బజారులోను, బస్సులోను, పొలము గట్టున తెలుగు మాట్లాడుదురు. పుస్తకము తెరచిన వెంటనే ఇంగ్లీషు ఎదురగును. ఈ స్థితిని అందరు ఒక లోపముగా చెప్పుచున్నారు. రెండు భాషలు వచ్చిన పిల్లవానికి మూడవ భాష అధికభారమని జాలిపడుతున్నారు. మా అభిప్రాయము దీనికి భిన్నము. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు వచ్చిన విద్యార్థికి ‘లైట్ అప్’ వంటి మాటలు ఒక్క భాష మాత్రమే తెలిసిన వానికంటె సులభముగా బోధపడగలవు. అయితే ఆ రెండు భాషలను తరగతి గుమ్మము బయట చెప్పులవలె విడిచి రమ్మని అనకూడదు.

ఒక క్రియకు చిన్న అవ్యయము చేరి కొత్త అర్థము పుట్టించే ఇట్టి మాటలను ఇంగ్లీషువారు ‘ఫ్రేజల్ వెర్బ్’ అందురు. 1925లో ప్రకటించిన గ్రంథమున లోగన్ పియర్సల్ స్మిత్ అను రచయిత ఈ పేరును ప్రచారములోనికి తెచ్చినాడు. పేరు కొత్తదైనను చిక్కు పాతది. 1755లో తన మహానిఘంటువునకు పీఠిక వ్రాస్తూ శామ్యూల్ జాన్సన్ పండితుడు, క్రియల వెనుక చిన్న పదములను చేర్చి అర్థము మార్చే ఈ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని ఒప్పుకొన్నాడు. కనుక అనంతపురము విద్యార్థి ఈ మాటల వద్ద తడబడినచో అది అతని మందబుద్ధికి గుర్తు కాదు. ఆ భాషకు నిఘంటువు కట్టిన మహానుభావుడే రెండు వందల డెబ్బది ఏండ్ల క్రిందట ఆ కష్టమును గుర్తించినాడు.

ఇక ‘లైట్ అప్’ చేసే పనులను చూతము.

మొదటిది, ఒక స్థలమును వెలుగుతో నింపుట. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ రాత్రి అగ్నిగుండపు మంట ఊరంతటికి వెలుగునిచ్చినప్పుడు, ‘ది ఫైర్ లిట్ అప్ ది విలేజ్’ అనవచ్చును. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉరుసునాడు దీపములతో ప్రాంగణము నిండినప్పుడు, ‘ది దర్గా వాజ్ లిట్ అప్’ అనవచ్చును. తెలుగులో దీనిని ‘వెలిగించు’, ‘వెలుగుతో నింపు’ అందుము. ఉర్దూలో ‘రౌషన్ కర్నా’ అందురు. ఉరుసులో దీపములు వెలిగించే రాత్రికి ‘చిరాగాఁ’ అని పేరే కలదు.

రెండవది, ముఖము గాని కన్నులు గాని సంతోషముతో మెరియుట. నాలుగు వానలు తప్పిన తరువాత ఐదవ మేఘము నిజముగా కురిసినప్పుడు వేరుశనగ రైతు ముఖము ఎట్లుండునో ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. ‘హిజ్ ఫేస్ లిట్ అప్’. మనము ‘ముఖము వెలిగిపోయినది’ అందుము; ఉర్దూలో ‘చెహ్రా ఖిల్ ఉఠా’ అందురు. కన్నులైతే ‘ఆంఖేఁ చమక్ ఉఠీఁ’.

మూడవది, చుట్ట, బీడీ, సిగరెట్టు అంటించుట. ఇచ్చట చిక్కు ఎక్కువ. ఇంగ్లీషువారు సిగరెట్టు పేరు చెప్పకుండనే ‘లిట్ అప్’ అని ఊరకొందురు. ‘ది ఓల్డ్ మ్యాన్ సాట్ డౌన్ అండ్ లిట్ అప్’ అను వాక్యమునకు ‘వృద్ధుడు కూర్చొని ప్రకాశించెను’ అని అర్థము వ్రాసినచో ఆ వృద్ధుడు మహర్షి అగును. వాస్తవముగా ఆయన బీడీ ముట్టించినాడు, అంతే. మన సీమలో ‘ముట్టించు’ అను మాట, ఉర్దూలో ‘సుల్‌గానా’ అను మాట దీనికి సరిగ్గా సరిపోవును.

నాలుగవది, యంత్రముపై గాని పలకపై గాని దీపము తనంతట తాను వెలుగుట. చేతిలోని ఫోను మ్రోగినప్పుడు తెర వెలుగును. ‘ది స్క్రీన్ లిట్ అప్’. ఇది నేటి విద్యార్థికి దినమునకు నూరుసార్లు కనబడే దృశ్యము.

ఈ నాలుగు పనులను ఇంగ్లీషు ఒకే మాటతో నడుపుచున్నది. మన భాషలు ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాటను నియమించినవి: వెలిగించు, వెలిగిపోవు, ముట్టించు, వెలుగు, రౌషన్ కర్నా, ఖిల్ ఉఠ్‌నా, సుల్‌గానా, జల్‌నా. బజారు గైడు పుస్తకము ‘లైట్ అప్’ ఎదుట ‘ప్రకాశింపజేయు’ అని ఒకే అర్థము వ్రాసి వదలివేయును. విద్యార్థి దానినే కంఠస్థము చేసి వృద్ధుని మహర్షిని చేయును. నాలుగు తెలుగు మాటలు, నాలుగు ఉర్దూ మాటలు పక్కపక్కన వ్రాసి చూపినచో ఇట్టి పొరపాటు జరుగదు. ఎందుకనగా ఆ భేదములను విద్యార్థి తన ఐదవ ఏటికే నేర్చుకొని యున్నాడు.

ఇప్పుడు ‘అప్’ సంగతి. దీనికి ‘పైకి’ అని ఒకే అర్థము నేర్పుటయే మొదటి తప్పు. అట్లు నేర్చిన విద్యార్థి ‘లైట్ అప్’ను దీపము పైకి పోవుటగా ఊహించును. మన తెలుగులో దీపము పైకి పోవుట అనగా ఏమి? ఆరిపోవుట అను అమంగళపు మాట నోట రాకుండ పెద్దలు ‘దీపము కొండెక్కినది’ అందురు. కాబట్టి ‘పైకి’ అను అర్థమును నమ్మి, తెలుగు నుడికారమును అనుసరించి పోయిన తెలివైన విద్యార్థి, వెలుగుట అను మాటకు ఆరిపోవుట అని అర్థము చేసికొనే ప్రమాదము కలదు. అతడు తప్పుగా ఆలోచించలేదు. అతనికి ‘అప్’ను గూర్చి సగమే చెప్పినారు.

మిగిలిన సగము మన ఇండ్లలోనే కలదు. ‘చమక్ ఉఠ్‌నా’, ‘ఖిల్ ఉఠ్‌నా’, ‘జగ్‌మగా ఉఠ్‌నా’ అను ఉర్దూ మాటలను గమనింపుడు. ‘ఉఠ్‌నా’ అనగా లేచుట. అయితే ‘చమక్ ఉఠా’ అన్నప్పుడు ఎవ్వరును లేచి నిలబడలేదు. అంతవరకు లేని మెరుపు ఒక్కసారిగా పుట్టినదని అర్థము. ‘లైట్ అప్’లోని ‘అప్’ చేసే పని సరిగ్గా ఇదే. అనగా దక్కనీ మాట్లాడే విద్యార్థిని తన అమ్మమ్మ నోట విన్న మాటలోనే ఈ ఇంగ్లీషు వ్యాకరణ రహస్యమును దాచుకొని యున్నది. ఆమెకు దానిని ఎవ్వరు చూపలేదు.

తెలుగు కూడ వట్టిచేతులతో లేదు. ‘అప్’నకు ఇంకొక పని కలదు: జరిగిన పని పూర్తిగా జరిగినదని తెలుపుట. ‘ది ట్యాంక్ డ్రైడ్ అప్’ అనగా చెరువు ఎండిపోయినది. నీరు ఆవిరియై పైకి పోయినదని సైన్సు విద్యార్థి సమర్థింపవచ్చును గాని, ఇచ్చటి ‘అప్’ ఆ సంగతి చెప్పదు. చుక్క మిగలలేదని చెప్పును. మన ‘ఎండిపోవు’లోని ‘పోవు’, ఉర్దూ ‘సూఖ్ గయా’లోని ‘గయా’ అదే చెప్పును. చెరువు ఎక్కడికిని పోలేదు. నీరు మాత్రము అయిపోయినది. కాలిపోవు, ఎండిపోవు, తినివేయు, త్రాగివేయు అను మాటలలో ‘పోవు’, ‘వేయు’ తమ సొంత అర్థము విడిచి పక్క క్రియకు సహాయపడినట్లే, ‘బర్న్ అప్’, ‘డ్రై అప్’, ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’ అను వానిలో ‘అప్’ తన ‘పైకి’ అను అర్థమును విడిచి పని చేయును. కరువు సీమలో పుట్టిన పిల్లవానికి ‘ఎండిపోవు’ అను మాటలోని ‘పోవు’ బరువు ఒకరు నేర్పవలసినది కాదు.

వెలుగునకు ఎదురుమాట కూడ ఇదే విధము. దీపము ఆరిపోయినచో ఇంగ్లీషులో ‘వెంట్ అవుట్’ అందురు. దీనిని ‘బయటికి వెళ్ళెను’ అని అనువదించిన వారు కలరు. ‘కరెంటు పోయినది’, ‘కరెంట్ గయా’ అని రోజూ చెప్పే మనకు ఈ ‘వెళ్ళుట’ కొత్త కాదు. ఆ కరెంటు ఏ ఊరికి పోయినదని ఎవ్వరమైన అడుగుదుమా? 1948 జనవరి 30 సాయంకాలము గాంధీజీ హత్యా వార్తను రేడియోలో దేశమునకు తెలుపుతూ జవహర్‌లాల్ నెహ్రూ, మన జీవితములలో వెలుగు ఆరిపోయినదను భావమునకు ఈ ‘గో అవుట్’ అను సామాన్యమైన మాటనే వాడినారు. కొంతసేపటికి తన మాటను తానే సవరించుకొని, అది ఆరిపోయే సాధారణమైన వెలుగు కాదని చెప్పినారు. అంత గొప్ప దుఃఖమును మోసిన మాట ఒక గుడిసెలోని దీపమునకు వాడే మాటయే. వాడుకమాటను చిన్నచూపు చూడరాదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

దీపము ఆర్పుటను నేరుగా చెప్పక మాట మార్చుటలో ఉర్దూ, తెలుగు తోబుట్టువులు. మనము ‘కొండెక్కినది’ అన్నట్లే వారు ‘చిరాగ్ బఢానా’ అందురు. మాటకు మాట చూచినచో ‘దీపమును ముందుకు జరుపుట’, అర్థము మాత్రము ఆర్పుట. ముఖము విషయమున ఇంగ్లీషు, ఉర్దూ ఒకే దారి నడిచినవి: నిరాశ చెందిన వాని ముఖము ఇంగ్లీషులో ‘పడును’, ఉర్దూలో ‘చెహ్రా ఉతర్ గయా’, అనగా దిగును. తెలుగులో చిన్నబోవును.

మాతృభాష సర్వరోగ నివారిణియని మేము చెప్పుట లేదు. అది దారి తప్పించే చోట్లును కలవు. వానిని కూడ దాపరికము లేకుండ చెప్పవలెను. ‘లైటు వేయి’ అను తెలుగు వాక్యమును మాటకు మాట మార్చి ‘పుట్ ది లైట్’ అనుట, ‘బత్తీ బంద్ కరో’ను ‘క్లోజ్ ది లైట్’ అనుట తప్పులు. ఇంకొక వింత గలదు. తెలుగులో ‘ఆఫ్ చేయి’, ‘ఆన్ చేయి’ అని వాడుకొంటున్నాము. అనగా ఇంగ్లీషు జంటలో క్రియను విడిచి అవ్యయమును మాత్రము తెచ్చుకొన్నాము. ఆ అలవాటుతో విద్యార్థి ‘ఆఫ్ ది లైట్’ అని వ్రాయును. ‘స్విచ్ ఆఫ్’ అనియో, ‘టర్న్ ఆఫ్’ అనియో ఆ విడిచిన క్రియను తిరిగి చేర్చవలెనని ఒక్కసారి విప్పి చెప్పినచో సరిపోవును.

పద క్రమము విషయమున మన భాషలు సహాయము చేయవు. ‘లైట్ అప్ ది రూమ్’ అనవచ్చును, ‘లైట్ ది రూమ్ అప్’ అనవచ్చును. కాని గదిని పేరు పెట్టక ‘ఇట్’ అన్నప్పుడు ‘లైట్ ఇట్ అప్’ అనియే యనవలెను; ‘లైట్ అప్ ఇట్’ తప్పు. ఇది ఇంగ్లీషు వాక్యములను పదేపదే పలికి చెవికి అలవాటు చేసికొనవలసినదే. అట్లే ‘లైట్ అప్’, ‘లైటెన్ అప్’ వేరు. రెండవ దానిలోని ‘లైట్’ వెలుగు కాదు, తేలిక. అవి వేరువేరు మూలముల నుండి పుట్టి కాలక్రమమున ఒకే రూపము దాల్చిన పదములు. ‘లైటెన్ అప్’ అనగా అంత గంభీరముగా ఉండక కొంచెము మనసు తేలిక చేసికొమ్మని స్నేహితునితో చెప్పే మాట.

ఒక్క మేలు మాత్రము మరువరాదు. ‘వెలుగు’, ‘వెలిగించు’ అని తెలుగు, ‘జల్‌నా’, ‘జలానా’ అని ఉర్దూ, తనంతట జరుగుటను ఒకరు జరిపించుటను వేరుచేసి చూపును. ఇంగ్లీషు ‘లిట్ అప్’ రెండింటికిని ఒకటే. వాక్యము చదువునప్పుడు ‘ఇది వెలుగుటయా, వెలిగించుటయా?’ అని తన భాషలో ప్రశ్నించుకొనే అలవాటు గల విద్యార్థికి కర్త ఎవరో, కర్మ ఏదో తప్పదు. నంబులపూలకుంట సౌరవిద్యుత్ క్షేత్రమున 2016లో మొదటి 250 మెగావాట్ల కేంద్రము పని ప్రారంభించినది. దానిని గూర్చి ‘ది సన్ దట్ డ్రైస్ అప్ అవర్ ట్యాంక్స్ నౌ లైట్స్ అప్ అవర్ హోమ్స్’ అని విద్యార్థి ఒక వాక్యము వ్రాయగలిగిననాడు, రెండు ‘అప్’ల పని అతనికి పూర్తిగా తెలిసినట్లే. మన చెరువులను ఎండగట్టే సూర్యుడే మన ఇండ్లను వెలిగించుచున్నాడని దాని భావము.

తరగతిలో మాతృభాష వినిపించినచో ఇంగ్లీషు రాదని కొందరు పెద్దల వాదము. వారి ఆందోళన నిజమైనది. పిల్లలు ఉద్యోగములకు వెనుకబడరాదని వారి కోరిక. కాని మన ప్రాంతపు చరిత్ర వేరు విధముగా చెప్పుచున్నది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులను ఇంట నిలుపుకొని, ‘ఈ మాటకు మీ భాషలో ఏమందురు?’ అను ప్రశ్న మీదనే తన తెలుగు నిఘంటువును నిర్మించినాడు. కచ్చేరీలలో వాడే హిందుస్తానీ, పారశీక పదములకు 1852లో ‘జిల్లా నిఘంటువు’ కూడ ప్రకటించినాడు. పరభాషను తన భాష ద్వారా నేర్చుకొన్నందుకు ఆయనను ఎవ్వరు తక్కువ చేయలేదు. 1918లో ఉర్దూ మాధ్యమముగా ప్రారంభమైన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశముగా నిలుపుకొన్నది. మన అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు 1928లో నంద్యాల సభలో ఈ సీమకు ‘రాయలసీమ’ అను పేరును ప్రతిపాదించినారు. ఖురానును తెలుగులోనికి అనువదించినారు. 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’ను ప్రకటించినారు. ఒక భాషవారి గ్రంథమును వేరొక భాషవారి ఇంటికి చేర్చిన పండితుడు నడిచిన ఊరిలో మనము చదువుకొంటున్నాము.

కావున కళాశాల కమిటీవారికి మూడు విన్నపములు చేస్తున్నాము. మొదటిది, ఇంగ్లీషు తరగతిలో వారమునకు ఒక పూట, కొత్త ఫ్రేజల్ వెర్బ్‌లను తెలుగులోను ఉర్దూలోను విప్పి చెప్పుటకు అధ్యాపకులకు అనుమతి ఈయవలెను. తరువాతి పూటలన్నియు ఇంగ్లీషులోనే అభ్యాసము జరుగవలెను. రెండవది, గ్రంథాలయమున మూడు గడులు గీసిన పెద్ద నోటుపుస్తకము ఒకటి ఉంచవలెను. ఏ విద్యార్థి యైనను తాను చదివిన ఇంగ్లీషు మాటను మొదటి గడిలో వ్రాయును, ఇంట అడిగి తెలిసికొన్న ఉర్దూ, తెలుగు మాటలను తక్కిన గడులలో వ్రాయును, అధ్యాపకులు దిద్దుదురు. మూడవది, రాబోవు వార్షిక సంచికలో ఆ పుస్తకము నుండి నాలుగు పుటలు ముద్రింపవలెను. వీనికి కాగితము ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు.

విద్యార్థులారా, ఆ పుస్తకము నిండుట మీ చేతిలో నున్నది. అవ్వ నోట, నానీ నోట, చెరువు కట్ట మీద, సంతలో మీరు వినే క్రియలను విడువక వ్రాసికొనుడు. తెలియని ఇంగ్లీషు మాటను అడుగుటకు సిగ్గుపడకుడు. జాన్సన్ పండితుడే కష్టమన్న మాటలను గూర్చి మీరు అడుగుచున్నారు. మొదటి పుటలో ‘లైట్ అప్’ అని వ్రాసి, పక్కన ‘చమక్ ఉఠ్‌నా’, ‘వెలిగిపోవు’, ‘ముట్టించు’ అని మేమే ప్రారంభిస్తాము. రెండవ పంక్తి మీలో ఎవరు వ్రాయుదురో చూచుటకు వేచియున్నాము.